మాల్యాద్రి ఎత్తు వడ్లు

లక్షా నలభై వేలు. మొదట్లో మాల్యాద్రి దగ్గర ఉన్నది అంతే. కరెంటు కాంట్రాక్టరు కింద తీగలకు అడ్డమొచ్చే కొమ్మలు కొడుతూ కూడబెట్టింది కొంత, చీటీ పాడుకున్నది కొంత. ఆ డబ్బును జేబులో కాదు, తలలో పెట్టుకుని తిరిగేవాడు. బస్సెక్కినా, టీ తాగుతున్నా లోపల కూడికలు, తీసివేతలు నడుస్తూనే ఉండేవి.

ఆ రోజుల్లో నెల్లూరు చుట్టుపక్కల చెట్లు నరికేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, దించేవాళ్ళు తక్కువ. నరకడం వేరు, దించడం వేరు. ఇంటి మీదికి వాలిన మానును పెంకు పగలకుండా, గోడ బీటవారకుండా ముక్క ముక్కగా కోసి తాడుతో కిందికి దించాలి. మనిషి పైన ఉండాలి, చెట్టు కిందికి రావాలి. ఆ పనిని మాల్యాద్రి దాదావలి ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు.

ఉస్తాద్‌కి అప్పటికే డెబ్బై దగ్గర పడ్డాయి. కొబ్బరి పీచు తాడు, గొడ్డలితో మొదలుపెట్టిన మనిషి. తుంటి అరిగిపోయి చెట్టెక్కడం మానేశాడు. చెట్టు కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తల పైకెత్తి చూస్తూ కూర్చునేవాడు. గురువారాలు మాత్రం దర్గా మెట్ల మీద ఉండేవాడు. ప్రశ్న అడిగితే జవాబు వెంటనే వచ్చేది కాదు. ఒక్కోసారి జవాబు అసలు వచ్చేదే కాదు, బదులుగా ఏదో ఒక పని చెప్పేవాడు.

అలాంటి ఒక గురువారం మాల్యాద్రి వెళ్ళి పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"ఉస్తాద్, సొంతంగా మొదలుపెడదామనుకుంటున్నా. పట్టాభి శెట్టి రైసు మిల్లులో నిద్రగన్నేరు చెట్టు బాయిలరు షెడ్డు మీదికి వాలిపోయింది కదా, దాన్ని నన్నే దించమన్నాడు. రంపం మిషన్ కొనాలి. ఏది కొనమంటారు?"

"నువ్వేది అనుకున్నావు?"

మాల్యాద్రి ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ట్రంకు రోడ్డు కొట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద మిషన్ సంగతి చెప్పాడు. రెండడుగుల బ్లేడు. చిన్న మిషన్ అరగంట కోసే మొద్దును అది పది నిమిషాల్లో కోస్తుంది. అంటే రోజుకి ఇంత పని ఎక్కువ, నెలకి ఇంత, ఏడాది తిరిగేసరికి మిషన్ ఖరీదు వచ్చేసినట్టే. సగానికి పైగా డబ్బు దానికే పోతుంది కాబట్టి బెల్టు, తాడు మాత్రం చవకలో చూసుకోవాలి. భవనాలు కట్టేచోట వాడే బెల్టు రెండు వేలకే దొరుకుతోంది. లెక్క ఒక్క ఊపిరిలో చెప్పేసి ఉస్తాద్ మొహం వైపు చూశాడు.

ఉస్తాద్ దర్గా గుమ్మటం మీద వాలుతున్న పావురాలను చూస్తున్నాడు.

"కొట్టువాణ్ని అడిగి ఒక్క రోజుకి ఆ మిషన్ తెచ్చుకో. ఆ బెల్టు కూడా. రేపు మిల్లు దగ్గరికి రా."

"సరే ఉస్తాద్."

"అన్నం క్యారేజీ మర్చిపోవద్దు."

పట్టాభి శెట్టి మిల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో కల్యాణ మండపం కట్టారు. కానీ ఉడికిన వడ్ల వాసన ఎక్కడ తగిలినా మాల్యాద్రికి ఆ ఉదయమే గుర్తొస్తుంది. కళ్ళంలో ఆవిరి లేస్తున్న వడ్లు, వాటిని కాళ్ళతో చాళ్ళు తీస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల షెడ్డు రేకుల మీదికి ఒక భుజం వాల్చి నిలబడ్డ నిద్రగన్నేరు. గాలి వీస్తే కొమ్మ రేకుకి రాసుకుని కీచుమనేది. తుపాను కాలం లోపల దాన్ని దించకపోతే షెడ్డుతో పాటు బాయిలరూ పోతుందని శెట్టి భయం.

ఉస్తాద్ చెట్టు దగ్గరికి వెళ్ళి మొద్దు మీద అరచెయ్యి ఆనించి, ఏదో గొణుక్కుని, సలాం చేశాడు. ఎక్కే రోజుల్లో ఉన్న అలవాటు, ఎక్కడం మానేసినా పోలేదు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు.

"పైకెళ్ళి అన్నం తిని రా."

మాల్యాద్రికి అర్థం కాలేదు. "ఇప్పుడా? ఇంకా తొమ్మిది కూడా కాలేదు ఉస్తాద్."

"ఆకలేసినప్పుడు తింటే బెల్టు సంగతి తెలీదు. ఆకలి లేనప్పుడు తిను."

నిచ్చెన వేసుకుని మాల్యాద్రి ఎక్కాడు. పైకొమ్మకి తాడు వేసి, బెల్టు వీపు మీద ఉన్న రింగుకి తగిలించుకున్నాడు. చిన్న తాడుతో క్యారేజీ పైకి వచ్చింది. కొమ్మ మీద చక్కగా కూర్చుని మూత తీయబోయాడు.

కింద నుంచి ఉస్తాద్ అన్నాడు. "కొమ్మ మీద కూర్చుని మా మనవరాలు కూడా తింటుంది. కొమ్మ వదిలెయ్. వేలాడుతూ తిను."

వదిలేశాడు. వదిలిన మరుక్షణం వీపు మీది రింగు పైకి లాగింది, తల ముందుకి వంగింది, తొడల దగ్గర పట్టీలు కోసుకుపోయినట్టు బిగుసుకున్నాయి. బావిలోంచి తోడిన పిల్లిలా గాల్లో నెమ్మదిగా తిరగసాగాడు. క్యారేజీ తెరవడానికి రెండు చేతులూ కావాలి. తిరగకుండా ఉండటానికి ఒక చెయ్యి కొమ్మ మీద ఉండాలి.

కళ్ళంలో వడ్లు తిరగేస్తున్న కోటమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. మిల్లులో ఎవరినీ వదిలిపెట్టని నోరు ఆమెది.

"ఏందబ్బయా, గబ్బిలం తలకాయ కిందకేసి తింటదిగా, నువ్వూ అట్టా తిను, సులువు."

కళ్ళమంతా నవ్వింది. మాల్యాద్రి పళ్ళు బిగించి మూత తీశాడు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. రెండోది షెడ్డు రేకుల మీద పడింది. కాకులు వచ్చాయి.

"మిషన్ కూడా పంపిస్తున్నా, పట్టుకో" అన్నాడు ఉస్తాద్.

పెద్ద మిషన్ తాడు మీద ఊగుతూ పైకి వచ్చింది. దాన్ని నడుం పక్కన తగిలించుకోగానే ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోయింది. రాత్రి కొట్లో దాన్ని చేత్తో ఎత్తి చూసినప్పుడు ఎంత ముద్దుగా అనిపించింది. ఇక్కడ మాత్రం ఎవరో కాలు పట్టుకుని కిందికి గుంజుతున్నట్టుంది.

"స్టార్ట్ చెయ్యమంటారా ఉస్తాద్?"

"వద్దు. అన్నం కానియ్."

ఇంకొంచెం సేపటికి తొడల కింద కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. మాల్యాద్రి బొటనవేలితో కొమ్మను వెతుక్కుని, దాని మీదికి ఎలాగో చేరి, దిగివచ్చాడు. కింద నేల మీద కాళ్ళు నిలవక చెట్టు మొదట్లోనే చతికిలబడ్డాడు. క్యారేజీలో అన్నం సగం అలాగే ఉంది. ఉస్తాద్ దాన్ని అందుకుని, మిగిలిన పప్పన్నం తాను కలుపుకుని తినడం మొదలుపెట్టాడు.

"మీ అమ్మ చేతి వంట బాగుంది" అన్నాడు.

మాల్యాద్రి తొడలు రుద్దుకుంటున్నాడు.

"ఆ బెల్టు పడేవాడి కోసం చేసింది బేటా. పడితే పట్టుకుంటుంది. నువ్వు పొద్దస్తమానం దాంట్లో కూర్చోవాలి." ఇంకో ముద్ద తిని, "కోసేది ఎంతసేపు" అన్నాడు. అది ప్రశ్నో కాదో తెలియలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ ట్రంకు రోడ్డు కొట్టుకి వెళ్ళారు. పెద్ద మిషన్, ఆ రెండు వేల బెల్టు తిరిగి ఇచ్చేశారు. కొట్టు మధ్యలో సరుకు దించే ఇనప దూలం ఉంది. చెట్టెక్కేవాళ్ళ కోసమని చేసిన బెల్టులు అక్కడ మూడు రకాలు ఉంటే, ఉస్తాద్ ఒక్కొక్క దాన్నీ మాల్యాద్రికి కట్టించి, ఆ దూలానికి వేలాడదీసి, చేతికి టీ గ్లాసు ఇచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా దిగకూడదు.

"ఇది కొట్టయ్యా సాయిబూ, ఉయ్యాలల బండి కాదు" అని కొట్టాయన మొత్తుకున్నాడు.

"టీ నీ లెక్కలో రాసుకో సుబ్బయ్యా. బేరం పెద్దది" అన్నాడు ఉస్తాద్.

మూడో బెల్టులో కూర్చున్నప్పుడు మాల్యాద్రి టీ చల్లారిపోయింది. తాగడం మర్చిపోయాడు. తొడల కింద వెడల్పాటి మెత్తటి పట్టీలు, ముందు బొడ్డు దగ్గర తాడు తగిలే రింగు, రెండు చేతులూ ఖాళీ. కొట్టు ముందు పోతున్న రిక్షాలను చూస్తూ, తాను గాల్లో ఉన్నానన్న సంగతే మర్చిపోయి కూర్చున్నాడు.

"అదే" అన్నాడు ఉస్తాద్.

ఉస్తాద్ సాయంత్రం చేసే అసర్ నమాజుకి వెళ్ళిపోయాక మాల్యాద్రి మిగతా సామాను ఒక్కడే తీసుకున్నాడు. బెల్టు, తలకి హెల్మెట్టు, చైను తగిలితే పీచు ఊడి దాన్ని బిగబట్టే ప్యాంటు. పిడి నెత్తిన ఉండే చిన్న మిషన్, పెద్దదాంట్లో సగం బరువు కూడా లేదు. మంచి తాడు, పట్టులాంటిది. చివర్లో కొట్టాయన ఒక పొట్టి తాడు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"నడుముకి కట్టుకునేది. పెద్ద తాడు పైకొమ్మకి, ఇది నీ దగ్గరి కొమ్మకి. లోపల ఉక్కు తీగ ఉంటుంది."

"ధరెంత?"

ఏడు వేలన్నాడు. మాల్యాద్రి తల పని చేయడం మొదలుపెట్టింది. పెద్ద తాడు చీటీ మీద అచ్చు వేసి ఉంది, రెండు టన్నుల పైన ఆగుతుందని. తన బరువు యాభై ఎనిమిది కిలోలు. అంటే తనలాంటి ముప్పై నాలుగు మంది ఒకేసారి వేలాడినా తెగదు. అలాంటప్పుడు ఇంకో తాడెందుకు? ఆ ఏడు వేలకి చిన్న మిషన్‌కి ఇంకో బ్లేడు, మూడు చైన్లు వస్తాయి. చైను మొద్దుబారి పని ఆగిన రోజులు తనకి తెలుసు. పొట్టి తాడు వెనక్కి తోసేశాడు.

ఇంటికి వెళ్తుంటే చాలా సంతోషంగా ఉంది. ఉస్తాద్ చెప్పింది విన్నాడు, తన లెక్క కూడా వదులుకోలేదు.

మర్నాడు మిల్లులో సామానంతా గోనెపట్టా మీద పరిచాడు. ఉస్తాద్ కుర్చీలోంచి వంగి ఒక్కొక్కటే ముట్టుకుని చూశాడు. బెల్టు కుట్లు వేలితో తడిమాడు. తాడును చెంపకి ఆనించుకుని చూశాడు. చివరికి పట్టా అంచుదాకా వెళ్ళి ఆగాడు.

"పొట్టి తాడేది?"

మాల్యాద్రి లెక్క చెప్పాడు. రెండు టన్నులు, యాభై ఎనిమిది కిలోలు, ముప్పై నాలుగు మంది. మిగిలిన డబ్బుతో బ్లేడు, చైన్లు.

ఉస్తాద్ శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. "లెక్క సరిగ్గా ఉంది" అన్నాడు.

తర్వాత మిల్లు గుమాస్తాను పిలిచి, "మా వాణ్ని కాటా ఎక్కించు" అన్నాడు.

మాల్యాద్రి వడ్లు తూచే కాటా మీద నిలబడ్డాడు. యాభై ఎనిమిది, కొంచెం పైన. ఉస్తాద్ ఒక వడ్ల బస్తా తెప్పించి, మూతి విప్పించి, కాటా మీద సరిగ్గా అంత బరువుకి వచ్చేదాకా తీయించాడు. మళ్ళీ మూతి కుట్టించాడు. పట్టాభి శెట్టి ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు.

"మాల్యాద్రికి తులాభారమా ఏంది?" అంది కోటమ్మ. "బెల్లంతో తూచండి, మాకు తలా ఇంత వస్తది."

కొత్త తాడు నిన్న మాల్యాద్రి వేలాడిన కొమ్మ మీదుగా వేసి, ఒక కొసని బస్తాకి కట్టారు. నలుగురు పట్టి లాగారు. బస్తా పైకి, పైపైకి వెళ్ళి, నిన్న అతను అన్నం తిన్న చోట ఆగింది. రెండో కొసని ఉస్తాద్ స్వయంగా చెట్టు మొద్దుకి చుట్టి ముడివేశాడు. అందరినీ కళ్ళం అవతలికి పొమ్మన్నాడు.

బస్తా పైన కదలకుండా వేలాడుతోంది. తాడు వీణ తీగలా బిగిసి ఉంది.

"ఇలాంటివి ముప్పై నాలుగు కట్టినా ఆగుతుంది ఉస్తాద్" అన్నాడు మాల్యాద్రి.

"ఆగుతుంది."

ఉస్తాద్ కుర్చీ పక్కనున్న చిన్న మిషన్ తీసుకున్నాడు. తుంటి పట్టుకుని లేచి, నేల మీద దాన్ని ఆనించి స్టార్టరు తాడు గుంజాడు. మిషన్ మొదటి గుంజుకే అందుకుంది. చెట్టు మొద్దు దగ్గరికి నడిచాడు. బిగిసిన తాడుని చైనుతో కోయలేదు, నొక్కలేదు. అలా తాకించాడంతే, నడిచి వెళ్ళేవాడి భుజం గుమ్మానికి తగిలినట్టు.

టప్పుమన్న శబ్దం కూడా మిషన్ హోరులో సరిగ్గా వినపడలేదు. తాడు కొస పాములా పైకి లేచి కొమ్మ మీదుగా మాయమైంది. బస్తా కింద పడ్డప్పుడు మాత్రం నేల అదిరింది.

ఉస్తాద్ మిషన్ ఆపేశాడు.

గోనె ఈ మూల నుంచి ఆ మూలకి చిరిగిపోయింది. వడ్లు చెట్టు చుట్టూ, కుర్చీ కాళ్ళ మధ్య, మాల్యాద్రి పాదాల మీదిదాకా వచ్చి పడ్డాయి. సన్నటి దుమ్ము లేచి నెమ్మదిగా కిందికి దిగుతోంది.

పట్టాభి శెట్టి చిరిగిన గోనె దగ్గరికి వచ్చాడు. "నా వడ్లు, ఉస్తాద్."

"వడ్లే కదా శెట్టీ" అన్నాడు దాదావలి. "ఊడ్చి ఎత్తుకోవచ్చు."

కోటమ్మ చీపురు, చేట తెచ్చింది. మాల్యాద్రి ఆమె చేతిలోంచి చేట తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, వేర్ల సందుల్లోంచి వడ్లు దోసిళ్ళతో ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. దుమ్ములో కలిసినవీ, ఆకుల కింద దూరినవీ ఎత్తాడు. ఎవరూ చెప్పకుండానే కాటా మీదికి మోసుకెళ్ళి తూచాడు. కొంచెం తగ్గింది. మళ్ళీ వెళ్ళి వెతికాడు.

కోటమ్మ ఆ పూట అతన్ని ఏమీ అనలేదు. పని అయ్యాక కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. "తాగు నాయనా" అంది, అంతే.

సాయంత్రం అతను బ్లేడూ చైన్లూ గోనెలో చుట్టుకుని ట్రంకు రోడ్డు కొట్టుకి నడిచి వెళ్ళాడు. పొట్టి తాడు ఇంకా కౌంటరు మీదే ఉంది.

దాదావలి ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. మాల్యాద్రి దగ్గర ఇప్పుడు రెండు బండ్లున్నాయి, పెద్ద మిషన్లున్నాయి, రాజమండ్రి దాకా పనులున్నాయి. వీటిలో దేని గురించి అడిగినా ఖరీదు, బరువు, మైలేజీ నోటికి చెప్పేస్తాడు. ఆ మూడోనాటి పొద్దు గురించి ఎవరైనా అడిగితే మాత్రం అంకెలేమీ రావు. వెలుగు గుర్తొస్తుంది. నిద్రగన్నేరు అప్పుడే నిద్రలేచినట్టు ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విప్పుకుంటోంది. కొస తెగినా, కొత్త తాడుకి ఇంకా కొట్టు వాసన పోలేదు. కింద ఆడవాళ్ళు కళ్ళంలో వడ్లు పోస్తున్నారు.

అతను పైన నిలబడి ఉన్నాడు. పెద్ద తాడు పైకొమ్మకి, పొట్టి తాడు దగ్గరి కొమ్మకి. చిన్న మిషన్ నడుం పక్కన ఊగుతోంది, ఉందో లేదో అన్నట్టు. షెడ్డు మీదికి వాలిన భుజాన్ని చూశాడు. దాని మీద కొమ్మలు నాలుగైదు ఉన్నాయి, ఒకదాని బరువు ఇంకొకటి మోస్తోంది. తప్పు కొమ్మ ముందు కోస్తే మిగిలినవి ఎటు తిరుగుతాయో.

"ఉస్తాద్" అని పిలిచాడు. "ముందు ఏ కొమ్మ?"

కింద ఉస్తాద్ తల పైకెత్తాడు. అలా కాసేపు చూశాడు. తర్వాత కుర్చీ కాళ్ళు చప్పుడు చేస్తూ వెనక్కి జరిగాయి. ముసలాయన లేచి, చెప్పులు వేసుకుని, కుర్చీ వీపు మీద వేసిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నేను టీ తాగి వస్తా" అన్నాడు.

తుంటి మీద ఒరుగుతూ మిల్లు గేటు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు. గేటు దగ్గర పట్టాభి శెట్టి ఎదురొచ్చి చెట్టు వైపు చేయి చూపించి ఏదో అడుగుతున్నాడు. ఉస్తాద్ అతని భుజం మీద చెయ్యి వేసి తనతో పాటు బయటికి తీసుకెళ్ళిపోయాడు.

మాల్యాద్రి కొమ్మలను చూస్తూ ఉండిపోయాడు. గాలి వచ్చింది, రేకు కీచుమంది, గాలి పోయింది. అన్నిటికంటే చివర, షెడ్డు అవతలి అంచు మీద, ఏ కొమ్మనూ మోయని సన్నటి కొమ్మ ఒకటి కనిపించింది. దాని దగ్గరికి చేరాలంటే తాను నిలబడ్డది వదిలి గాల్లోంచి వెళ్ళాలి.

పొట్టి తాడు ఒకసారి గుంజి చూసుకున్నాడు. పెద్ద తాడు ఒకసారి. బెల్టులోకి ఒళ్ళు నెమ్మదిగా వాల్చి, కొమ్మ మీంచి ఒక కాలు తీశాడు.